సగం రోజు

ముప్ఫై ఏడేళ్ళు రేవోరి పద్దులు రాశాను.
ఎర్ర అట్ట పుస్తకాలు, ఏటికి రెండు.
దసరాకి పసుపు బొట్టు పెట్టి తెరిచేవాళ్ళం.
మొదటి పేజీలో శ్రీరామ,
రెండో పేజీ నుంచి మిగతావి.

మొన్న శాఖా గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చుని
సిసిలీ అనే దీవి గురించి చదివాను.
అక్కడ నిమ్మతోటల కాపలాతో మొదలైందట అంతా.
కాపలా వద్దన్న తోటలో
తెల్లారేసరికి చెట్లు నరికి ఉండేవట.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
మా ఉలవలంకలో నిమ్మకాయలు లేవు, కొబ్బరికాయలు.
అంతే తేడా.

పెద్ద అచ్చియ్య గారు మొదట్లో వట్టి దింపువాడు.
గెలకో కాయ, కాపలా కింద.
ఇవ్వనన్న వాళ్ళ చెట్లకి మొవ్వు ఎండిపోయేది.
పురుగన్నారు, పిడుగన్నారు, దొంగలన్నారు.
దొంగెవరో ఆయనకి తెలీకపోవడమేమిటి,
రాత్రి వాడికి అన్నం వడ్డించింది
ఆయన పెళ్ళామే కదా.

తర్వాత భద్రం గారు. సారా పాటలు.
వేలంలో ఆయన చెయ్యెత్తితే
మిగతా చేతులన్నీ తలలు గోక్కునేవి.
పాటకి ముందురోజు పడవొకటి కాలిపోయేది, ఎవరిదో.
అవతలి ఒడ్డు సారావాళ్ళ పిల్లని చేసుకున్నాక
పాయ మధ్య గొడవ తీరింది.
ఆ పెళ్ళి ఖర్చూ నేనే రాశాను:
మేకలు పదకొండు, ఎస్సై గారి బదిలీ ఒకటి.

ఇప్పుడు ఫణీంద్ర. ఇస్త్రీ చొక్కా, ఇసుక ర్యాంపు.
కాయకి తొడిమ ఉంటుంది, సారాకి వాసనుంటుంది,
ఇసుకకి ఏమీ ఉండదు.
వేసవంతా తవ్విన గుంటల్ని
శ్రావణంలో గోదారే పూడ్చిపెట్టేది,
ఆవిడా మా జీతగత్తె అన్నట్టు.

మా వైపు జనం నోరు మూసుకున్నారంటారు.
తప్పు. మేం మాట్లాడతాం.
"ఆ రాత్రి పడవ చూశారా?"
"ఆయ్."
"ఎవరిదో తెలుసా?"
"ఆయ్, చీకటండి."
"స్టేషనుకొచ్చి చెబుతారా?"
"ఆయ్, కాఫీ తాగి వెళ్ళండి."
ఒక్క ముక్క.
దాని వెనక మూడు తరాలు
కాళ్ళు చాపుకుని పడుకున్నాయి.

పోలయ్య బుట్టతో మునిగి ఇసుక తీసేవాడు.
నీళ్ళ కింద నలభై లెక్కపెట్టుకునేవాడు.
ఆ ఏడు పడవల లెక్క ఎవరో పైకి చేరేశారు.
ఎవరని ఫణీంద్ర గారు అడిగితే
నేను పేరు చెప్పలేదు.
హాజరు పుస్తకం మాత్రం ఆయన ముందు తెరిచి,
వేలు తడి చేసుకుని,
పేజీ తిప్పాను.

మాఘంలో ఒక మంగళవారం
పొద్దున మునిగినవాడు మధ్యాహ్నం తేలాడు
రెండు రేవులకి దిగువన, నడుముకి బుట్టతాడు.
సాయంత్రం దీపం దగ్గర పద్దు రాశాను:
పోలయ్య, సగం రోజు.
అలవాటు. చెయ్యి రాసేసింది.

నూకరత్నం ఏటా మాఘంలో వస్తుంది.
ఏడవదు. దుమ్మెత్తి పొయ్యదు.
అరుగు మీద కూర్చుని, కొంగు సర్దుకుని,
"మిగతా సగం రోజు ఎవరి ఖాతాలో ఉందండీ
గుమస్తా గారూ?"
మొదటి ఏడు జేబులోంచి నోట్లు తీశాను.
"డబ్బులు కాదండి. పుస్తకం చూసి చెప్పండి."
పుస్తకాలు మా ఇంట్లోనే ఉన్నాయి, బియ్యం డబ్బా వెనక.
చాలావాటిని చెదలు తిన్నాయి.
ఆ ఏటిది ఎందుకో ముట్టుకోలేదు.

ఈ మాఘంలో ఆవిడ రాకముందే
దాన్ని చేతిసంచిలో పెట్టి, పైన వంకాయలు వేసి
పొద్దున్నే పంటు ఎక్కాను.
అవతలి ఒడ్డున బస్సు. అమలాపురంలో కోర్టు
పదిన్నరకి తెరుస్తారు.

ఫణీంద్ర గారి మనిషి పక్కకొచ్చి నిలబడ్డాడు,
కమ్మీ పట్టుకుని, నవ్వుతూ.
"సంచి బరువుగా ఉన్నట్టుందే. ఎక్కడికండీ?"

నీళ్ళ వైపు చూశాను.
నలభై దాకా లెక్కపెట్టాను.

"ఆయ్" అన్నాను.