గరగర

పదకొండేళ్లుగా నా నోట్లో ఒక అంకె ఉండాది.
తొంభై ఎనిమిది పాయింట్ ఏడు.
పొద్దున ఆరింటికి, రాత్రి పదకొండుకి,
నడుమంతా వక్కపొడి మాదిరి నమిలి
ఎన్ని వేల సార్లు చెప్పుంటానో.

ఇప్పుడా అంకె వద్దంట.

బెంగుళూరు నుంచి బ్రాండు పిల్లోడొచ్చినాడు, ప్రద్యుత్.
కొర్లగుంటలో మాది మూడో అంతస్తు,
కింద టైర్ల అంగడి, లిఫ్టు లేదు.
ఆయాసంతోనే మొదలుపెట్టినాడు:
"ఫోన్లో ముల్లు తిప్పేదెవరు మేడం?
అంకె అంటే అడ్రసు. ఇప్పుడు మనకి అడ్రసే అడ్డం."
కొండగాలి అనే పేరు కూడా పొడుగంట.
చిటికెనవేలి గోరంత నారింజ చదరంలో
నాలుగక్షరాలు పట్టవంట.
కేజీ అని పెట్టినాడు.
సౌండు చూసే చెంగల్రాయుడు తలెత్తకుండా అడిగినాడు:
"కేజీ ఎంతకిస్తావప్పా?"

నేను నవ్వలేదు. నాకు దొరసామి గుర్తొచ్చినాడు,
లీలామహల్ సర్కిల్లో ఆటో.
వాడి రేడియోకి తిప్పే బిళ్ళ ఊడిపోయి ఆరేళ్లు,
ముల్లు మా కాడే తుప్పుపట్టి నిలిచిపోయింది.
వాడికి మా పేరు తెలీదు, రంగు తెలీదు.
"ఆయమ్మ మాట్లాడేది" అంటాడు.
అంతే మా బ్రాండు.

మా పొలిమేర కూడా ఎవురూ గీసింది కాదు.
రేణిగుంట దాటినా పలికేది,
పుత్తూరులో చెయ్యి విరిగి కట్టుకోసం కూర్చున్నోళ్లకి పలికేది.
భాకరాపేట ఘాటులో మాత్రం, మూడో మలుపుకాడ
నా గొంతులోకి ఇసక పోసినట్టు గరగరమని
సగం మాట ఈ పక్క, సగం మాట అడివిలో.
పీలేరు పొయ్యేవాళ్లకి
ఊరు దాటినామని చెప్పింది
మైలురాయి కాదు, ఆ గరగర.

యాప్‌లో అది లేదు.
ఏ మలుపు తిరిగినా నేను తెగను.
మస్కట్‌లోనూ మంగళంలోనూ ఒకే తేట.
యాడా తెగని గొంతు
యాడిదో ఎట్ల తెలస్తాది?

కొత్త గుర్తింపు నాలుగు సెకన్లు:
మూడు గంట మోతలు, ఆపైన నేను,
"కేజీ, యాడున్నా మీతోనే."
"ఎక్కడున్నా" అని దిద్దినాడు ప్రద్యుత్.
పదిహేడు టేకులు.
ప్రతి టేకు చివరా నా నాలుక
"తొంభై" దాకా పొయ్యి
చెప్పులిడిచి గడపకాడ నిలబడినట్టు నిలబడింది.

ఆ రాత్రి చెంగల్రాయుడు టిఫిన్ డబ్బా మూసి
పాత హార్డ్‌డిస్కు బయటికి తీసినాడు.
ఎప్పుడో తన బండి మీద పొయ్యి
ఘాటులో పట్టుకొచ్చిన గరగర, పదహారు నిమిషాలు.
ఎందుకు పట్టుకొచ్చినావంటే
"ఏమో. బాగుండింది" అన్నాడు.
అందులోంచి ఒక అరసెకను తెంపి
మూడో మోత కిందికి తోసినాడు,
దోసె కింద నూనె మాదిరి.
బెంగుళూరోళ్లు విన్నారు.
"వార్మ్‌గా ఉంది" అన్నారు. ఓకే అయిపోయింది.

నెలకి లెక్కలొచ్చినాయి.
కేజీని గుర్తుపట్టినోళ్లు నూటికి తొమ్మిదిమంది.
టవరు ఇంకా తియ్యలేదు, అంకె చెప్పరు, అంతే.
దొరసామి ఆటోలో నేనింకా ఆయమ్మనే.

మొన్న యాప్‌లో ఒక మెసేజి.
చిత్తూరు నుంచి నాగపూరుకి మామిడిగుజ్జు డ్రమ్ములు,
లారీ డ్రైవరు, పేరు మస్తానయ్య:
"మేడం, మీ గంట వెనకాల ఏందో ఉండాది.
అది వినపడినప్పుడంతా
కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతాంది."

ఏం రాయాలో తెలక రెండు దినాలు అట్లే పెట్టినాను.
మూడో దినం
అంకె ఒక్కటే రాసి పంపినాను.
నాగపూరులో అది పలకదని
ఇద్దరికీ తెలుసు.