పాపిట కొలత

తొమ్మిదేళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కినోడిని.
వెంట్రుకవాసి తేడా వచ్చినా
వేలికొస పట్టేసేది.
ఇప్పుడా వేలే
మోక్షిత నెత్తిన పాపిట తీస్తాది.

"వంకర పోయింది నాయనా."
"లేదు మేయ్."
"అద్దంలో చూడు."
చూస్తే నిజమే, ఎడమకి ఒక నూలు జరిగింది.
మళ్లీ దువ్వెన. మళ్లీ నూనె.
మంగళం రోడ్డు మలుపులో స్కూలు ఆటో
హారన్ కొడతానే ఉంది.

మునిలక్ష్మి నాలుగింటికే పోయింది,
కొండ బస్సులో కండక్టరు.
ఆమె ఖాకీ చొక్కాకి రాత్రి నేను కుట్టిన గుండీ
ఒక్కటే తెల్లది, కడమవన్నీ మట్టిరంగు.
ఎవురూ చూడర్లే అనింది.
నేను చూస్తా గదా.

సంగటి గెలకడం మా అమ్మ నేర్పలా,
మగపిల్లోడివి, పక్కకి పో అనేది.
నేర్పింది కనకాంబరమ్మ, గోడ అవతల నుంచి,
తెడ్డు చప్పుడు వినే:
"ఉండలు కడతాండాది, తిప్పు, ఇంకా తిప్పు."
మిషన్ చప్పుడుని బట్టి బేరింగు జబ్బు చెప్పేవాణ్ణి నేను.
ఆమె నాకంటే పెద్ద మేస్త్రీ.

మధ్యాన్నం బుడ్డోడికి ఒళ్లు కాలింది.
ధర్మామీటరు పగిలి మూణ్ణెల్లు.
నుదుటి మీద చెయ్యి పెడితే నూటొకటి,
మెడ కింద పెడితే ఇంకో అర.
రుయాలో నర్సమ్మ చంకలో పెట్టి తీసి
"నూటొకటిన్నర" అనింది.
"వాళ్లమ్మ రాలేదా?" అని కూడా అనింది.

చీటీ రాసే ఆయన
తల్లి పేరు అడిగినాడు, చెప్పినా.
ఏం చేస్తాదంటే చెప్పినా.
"మరి నువ్వు?"
నేను నోరు తెరిచేలోపల
బుడ్డోడు నా భుజం మీద వాంతి చేసుకున్నాడు.
ఆయనే ఏదో రాసుకున్నాడు.

ఇంటి కాడ ఉండేవాడని పేరు.
ఇంటి కాడ ఉన్నదెప్పుడు?
రేషన్ వరసలో, గ్యాస్ బండ వెనకాల,
పేరెంట్స్ మీటింగులో అమ్మల నడుమ
మోకాళ్లు పట్టని చిన్న కుర్చీలో.
మా అత్త పాకాలలో చెప్పుకుంటాది,
అల్లుడు కాంట్రాక్టులు చేస్తాడని.
నిజమే గదా,
బిల్లు పాసు కాని కాంట్రాక్టు.

మిక్సీ కప్లింగు అరిగితే మొన్న ఆటోనగర్ పోయినా.
సిద్దయ్య షెడ్డు. నా మిషన్ మీద ఎవురో కుర్రోడు.
"వచ్చెయ్‌రా, మునుపటికంటే ఎక్కువే ఇస్తా."
ఆయిల్ వాసనకి నోట్లో నీళ్లూరినాయి,
అబద్ధమెందుకు.
తిరిగే చక్రం మీద చెవి పెట్టబోయినా,
చెవి రాలేదు.
అది మూడుంబావు ఆటో కోసం
మలుపులో నిలబడుకోనుండాది.

రాత్రి పదికి మునిలక్ష్మి, డబుల్ డ్యూటీ దిగి.
ఘాట్ రోడ్డు ఇంకా ఆమె ఒంట్లో తిరగతానే ఉంటాది,
కూర్చున్నా కుడికీ ఎడమకీ ఒరుగుతాది.
"లెక్కలో నలభై తగ్గింది, చేతినుంచి కట్టొచ్చినా.
ఎవురో ముసలాయనకి చిల్లర ఎక్కువిచ్చుంటా."
"హుండీలో వేసినట్టనుకో" అన్నా.
చెయ్యి కడుక్కుంటా నవ్వింది.
"నువ్వు తిన్నావా?"
తిన్నానో లేదో
గుర్తుకు రాలేదు.

రేపు ఆమెకి లీవు.
నీళ్లు దినం మార్చి దినం, తెల్లారి మూడున్నరకి.
అలారం పెట్టను, పెడితే ముగ్గురూ లేస్తారు.
చీకట్లో ఇంటా పండుకోనుంటా:
బుడ్డోడి గురక, కొంచెం పల్చబడింది.
మోక్షిత నిద్రలో ఎక్కం చెప్తాది,
ఏడేడ్ల నలభై ఎనిమిది.
దిద్దను. పొద్దున చూసుకుందాం.
మునిలక్ష్మి ఊపిరి
ఒక్కో మలుపూ దిగతా ఉంది.

వీటన్నిటి కింద, గోడ లోపల యాడో,
కుళాయి గొట్టం ఒకసారి దగ్గుతాది.
బిందె గోడకి తగలకుండా ఎత్తుకుని
బయటికి నడుస్తా.