గీత పడ్డ గుల్ల

మంటానాలో మార్చి. గరాజు తలుపు కింద మంచు.
సూప్‌లో ఉప్పు చూడమంటే చూడడు గానీ
తూటా మందు మాత్రం
రెండుసార్లు తూస్తాడు మా ఆయన డెల్మార్.
"తనంతట తానే నింపుకునే తుపాకీ, వెల్డా!
దానికి ఓపిక లేదు.
వెంట్రుకంత తేడా వచ్చినా గొంతుకు అడ్డం పడుతుంది."

ఇత్తడి గుల్ల ఒక్కొక్కదాని అడుగూ
బొటనవేలితో తడుముతాడు,
నిద్రపోయే పిల్లకు జ్వరం చూసినట్టు.

ఆరుసార్లు పేలి, ఆరుసార్లు నిండిన గుల్ల ఒకటి.
వంచిన తీగ లోపలికి పోనిచ్చాడు.
గోడలో ఎక్కడో తీగ కొస తట్టుకుంది.
చాలాసేపు ఏమీ అనలేదు.

"ఇది ఇంక చాలు," అని
సుత్తితో మూతి నొక్కేశాడు,
మళ్లీ ఎవరూ నింపకుండా.

తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి
సూప్ అడిగాడు.
ఉప్పు తక్కువైందట.