చేటెడు ఊక

పోయినేడు పాతికలో ఏడు పిల్లలు
కాళ్ళు చెరో వైపు జారిపోయి
నేల మీదే ఈదుతున్నట్టు పడుకునేవి.
కింద నేను పరిచింది పాత పేపర్లు,
శుభ్రంగా ఉంటాయని.
నున్నగా ఉండటమే వాటి తప్పని
తవిటమ్మత్త చెప్పింది,
అదీ ఏడోదాన్ని జామచెట్టు మొదట్లో పూడ్చి వచ్చాక.

"మూడ్రోజుల కాలికి పట్టు గావాలే గుంటా,
అద్దం మీద నడిపిత్తావేటి?"

అందుకే ఈసారి
పిల్లలకన్నా ముందు పక్క వెతుకుతున్నాను.

ఆమదాలవలస కలప డిపోలో
రంపపు పొట్టు బస్తా ముప్పై రూపాయలు.
అత్త గుప్పెడు తీసి ఊదింది.
పొగలా లేచి ఆమెకే తుమ్మొచ్చింది.
"నీకు ముక్కుంది, తుడుసుకుంటావు.
ఆటి ముక్కు ఆవగింజంత.
పైగా మేతనుకుని మింగీత్తాయి."

నాగావళి ఇసుక మా వాకిట్లోనే ఉంది,
మరుగుదొడ్డి కట్టగా మిగిలింది.
తెల్లారగట్ల నాలుగింటికి
అరచెయ్యి ఆనించి చూడమంది.
చూశాను.
ఏం మాట్లాడకుండా చెయ్యి కొంగులో చుట్టుకున్నాను.

గోగునార చెత్త మా మరిది తెచ్చాడు, ఊరికే వచ్చిందని.
అందులో పోగొకటి తీసి
నా చిటికెనవేలికి మెలేసి లాగింది.
కొస నీలమయ్యేదాకా వదల్లేదు.

పలాస జీడితొక్క మాట
అడగబోయి మానేశాను,
పిక్కలు కొట్టే వాళ్ళ చెల్లెలి వేళ్ళు గుర్తొచ్చి.

చివరికి రైసుమిల్లు.
వెనకాల గుట్టలు గుట్టలుగా ఊక.
పైపైది వద్దంది, వానకి నానింది.
మోచేతిదాకా చెయ్యి దూర్చి
లోపలిది పిడికెడు తీసి వాసన చూసింది.
బూజు. పారేసింది.
రెండో గుట్టా అంతే.
గుమస్తా నవ్వుతున్నాడు, కోడిపిల్లలకా ఇంత, అని.
మూడోదాని దగ్గర ఆగి
"ఇది" అంది.

రెండు రోజులు ఎండబెట్టాం.
దుమ్ము పోయేదాకా చేటతో చెరిగాం,
నూకలు పిచ్చుకలకి పోయాయి.

చెరుగుతూ అడిగాను,
నీకాపేరు ఎందుకు పెట్టారత్తా అని.
చేట ఆగలేదు.
"నాకు ముందల ముగ్గురు పోనారు.
నాను పుట్టగానే సేటలో ఏసి
ఎదురింటి గౌరమ్మకి ఇచ్చీసింది మాయమ్మ.
గుప్పెడు తవుడిచ్చి మల్లీ కొనుక్కుంది.
సావొచ్చి అడిగితే
ఇది నా కడుపున పుట్టింది కాదు, కొన్నానని సెప్పడానికి."

ఏం అనాలో తెలీక
ఆ తవుడు మంచిదేనా అన్నాను.

అప్పుడు ఆగింది చేట.
ఊక మీద పడి పడి నవ్వింది.
"మాయమ్మ కదే,
వాసన సూసే ఇచ్చుంటాది."

బుధవారం సాయంత్రం అట్టపెట్టెలో వచ్చాయి.
నాలుగు వేళ్ళ మందం ఊక,
పైన రెండ్రోజులకి గోనెగుడ్డ,
దారాలు వేలాడకుండా అంచు మడిచి కుట్టాను.
నీళ్ళ మూకుడు ఇటుక మీద, ఒలికితే తడవకుండా.
బల్బు మూరెడు ఎత్తున.

తెల్లారగట్ల నాలుగింటికి లేచి వెళ్ళాను.
ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు,
వెలుగుకి దూరంగా పారిపోనూ లేదు.
పోసిన శనగల్లా పడుకున్నాయి, ఎక్కడివక్కడ.
గోనె కింద చెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంది.

ఒకటి లేచి, నిలబడి,
నా మణికట్టు మీదికి ఎక్కింది.
గోళ్ళు గుచ్చుకున్నాయి.
గుచ్చుకోనీ.