మూడో తీగ

తెల్లవారుజామున నాలుగింటికి
పెరంబూరు బ్యారక్స్ రోడ్డు మీద
మా పిన్ని కోటమ్మ ఊడ్చే చప్పుడు
సర్ర్ర్—చిక్. సర్ర్ర్—చిక్.
ముందుది సాగుతుంది, వెనకది తెగుతుంది.
దాన్నే షఫుల్ అంటారని
నాకు చెప్పినవాడు ఆబ్రే రోజారియో,
గూడ్సు బండి గార్డుగా రిటైరైన మనిషి.
ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాచి
చింతగింజల్లా ఉండేవి.

ఆర్నెల్లు మూడే కార్డులు వాయించమన్నాడు.
ఏ, డీ, ఈ. మళ్లీ ఏ.
పన్నెండు గడుల తొక్కుడుబిళ్ల,
ఎటు గెంతినా ఇంటికే రావాలి.
నాకేమో పదిహేడేళ్లు, గోడలదిరే రాక్ కావాలి,
జుట్టు మెడ దాటింది,
ఓపిక గడప కూడా దాటలేదు.

"ఒక మాట చెప్పు" అనేవాడు
గూడూరు లైన్లో నేర్చుకున్న తెలుగులో.
"అదే మాట మళ్లీ చెప్పు.
మూడోసారి జవాబు చెప్పు. బ్లూస్ అంతే."

ఇందులో కొత్తేముంది?
మా వీధి కుళాయి దగ్గర పిన్ని రోజూ అనేదే:
నీళ్లు రాలేదయ్యో ఈ పూట,
నీళ్లు రాలేదంటున్నా ఈ పూట,
వచ్చిన్నాడు మాత్రం నా బిందె ముందుంటదా?

తీగ వంచడం నేర్పిన రోజు
మూడో తీగని వేలితో పైకి నెట్టి
రెండు మెట్ల నడుమ ఎక్కడో ఆపాడు.
ఈ స్వరమూ కాదు, ఆ స్వరమూ కాదు.
"దీని పేరేంటి సార్?"
"పేరు లేదు. పట్టా లేదు."
నవ్వొచ్చింది నాకు.
ఓటేరి కాలవకీ రోడ్డుకీ నడుమ
మా ఇల్లున్నదీ అలాంటి చోటే.

"మరి రాక్?"
టీ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరని
చాలాసేపు తిప్పాడు.
"అదే స్థలం బాబూ.
కరెంటు పెట్టించారు, అంతస్తులు లేపారు,
పట్టా కూడా వచ్చింది,
వేరేవాళ్ల పేరు మీద.
అయినా ఇల్లు బాగుంది, కాదనను.
ఆ మేడ మీద నేనూ డాన్స్ చేశాను."

ఇప్పుడు శనివారాలు
నుంగంబాకంలో ఒక హోటల్లో వాయిస్తాను.
పెడల్ నొక్కితే
బీరు గ్లాసుల్లో నురగ వణుకుతుంది.
వేగం మచ్చా, ఇంకా వేగం, అంటాడు
మా డ్రమ్మర్ ఇన్బరసు.

ఆబ్రే ఒక్కసారే వచ్చాడు.
చెవి మిషన్ తీసి జేబులో వేసుకుని
బల్లమీద అరచెయ్యి ఆనించి విన్నాడు.
ఆ రాత్రే నా మూడో తీగ తెగింది.
జనం ఈలలేశారు,
తెగడమే గొప్పన్నట్టు.

బయట ఆటో కోసం నిలబడి అన్నాడు:
"చేతులు బాగున్నాయి.
ఒకే మాట నలభైసార్లు అన్నావు, గట్టిగా.
జవాబేదీ?"

తెగేదాకా లాగొద్దని మనవాళ్ల సామెత.
ఆయనది వేరు:
తెగేదాకా లాగు,
తెగబోయే ముందు ఆగు,
ఆగినచోట కాసేపు కాపురముండు.
నాకింకా అద్దెకి కూడా దొరకలేదు ఆ చోటు.

ఆ తెగిన తీగ పారెయ్యలేదు.
పిన్ని అడిగి తీసుకుంది.
కార్పొరేషన్ వాళ్లిచ్చిన చీపురుకి
కట్టుతాడు నానిపోతోందట,
ఉక్కు తీగైతే వానాకాలం దాటుతుందట.
ఈనెలు కూడదీసి నాలుగు చుట్లు బిగించి
నేలకేసి తట్టి, తల వంచి వింది,
శ్రుతి చూసుకుంటున్నట్టు.

ఇవాళ షో అయ్యి
గిటారు వీపున వేసుకుని నడిచొస్తుంటే
సర్ర్ర్—చిక్. సర్ర్ర్—చిక్.

"ఎంతిచ్చారు?" అంది తలెత్తకుండానే.
చెప్పాను.
"ఎంతిచ్చారంటున్నా?"
మళ్లీ చెప్పాను.
చీపురు ఒక్క క్షణం ఆగింది.

"కాలు తియ్యి, అక్కడ ఊడవాలి."