తోతాపురి సీజన్లో ఒక వంగ నవల

పుస్తకానికి అట్ట లేదు.
పేరున్న పేజీ ఎవరో చింపుకున్నారు,
పొట్లానికో, పొయ్యికో.
పదిహేడో పేజీలో గ్రంథాలయం ముద్ర మాత్రం మిగిలింది,
ఊదారంగులో, సగం చెరిగి.
చిత్తూరు గాంధీరోడ్డులో
పాత పేపర్ల కాటా మీంచి
పన్నెండు రూపాయలకు దించుకున్నాను.

గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
పన్నెండున్నరకు యంత్రాలు కడిగే అరగంట మాది.
కాయల సొన చేతులకు, కుచ్చిళ్లకు,
ఇప్పుడు నవలకు కూడా.
నలభై మూడో పేజీ ఇంకా వేలికి అంటుకుంటుంది.

నేను చదువుతాను.
కుప్పమ్మ, దేశమ్మ, సెల్వి వింటారు.
సెల్వి అరవంలో నవ్వి తెలుగులో ఏడుస్తుంది.

అనువదించినాయన కోస్తా మనిషైనట్టుంది.
ఆ బెంగాలీ ఆడవాళ్లంతా గోదావరి గట్టున పుట్టినట్టు
ఏమండీ, వినండీ అంటారు.
అందుకని నోట్లోనే మార్చుకుంటూ చదువుతాను.
"మీ గడప నేనిక తొక్కజాలను" అని ఉన్నచోట
"నీ గడప తొక్కేదే లే, పో" అంటాను.
అప్పుడు గానీ ఆ పిల్ల లేచి నిలబడదు.

పేజీ పేజీకీ నీళ్లే ఆ కథలో.
పెళ్లికి పడవ, చావుకు పడవ,
ఉత్తరం ముక్క రావడానికీ పడవే.
మా నీవానదిలో పడవ తేలగా చూసినోళ్లు లేరు.
తుమ్మచెట్లు, ఇసుక ట్రాక్టర్లు,
వానొచ్చిన ఏడు రెండు రోజులు ఎర్రనీళ్లు.
ఆమె అర్ధరాత్రి ఒంటరిగా ఏరు దాటే చోట
దేశమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
"పడవ మునిగితే?"
"మునిగితే మునిగె" అంది కుప్పమ్మ,
"ఆ ఇంట్లో ఉంటే తేల్తాదా?"

అతను మంచివాడే. అదే బాధ.
చదువుకున్నవాడు, వెన్నెల గురించి బాగా మాట్లాడతాడు,
నిర్ణయం చెప్పాల్సిన పూట మాత్రం
జ్వరం తెచ్చుకుంటాడు.
మూడుసార్లు.
మూడోసారి మేం పగలబడి నవ్వితే
సూపర్‌వైజర్ వచ్చి చూసి పోయాడు.
పదిహేడేళ్లప్పుడు చదివుంటే
ఆ నుదుటికి తడిగుడ్డ వేసి ఉండేదాన్ని.
వేశాను కూడా,
నవల్లో కాదు.

"విధి" అంటాడు రచయిత, ప్రతి అధ్యాయం చివరా.
"రాసేది ఈయప్ప, నింద బ్రహ్మకా?"
కుప్పమ్మకు అక్కడ మాత్రం కోపం.

ఇంకో మనిషి ఉంది అందులో.
రెండొందల పేజీలు నోరు విప్పని వితంతు మేనత్త.
ఏకాదశి పూట,
మంచినీళ్లైనా ముట్టని పూట,
కొంగు ముడి విప్పి
ఆ పిల్ల చేతిలో పడవ కూలి పెడుతుంది.
ఒక్క మాటా అనదు.
ఆ రాత్రి మేమూ ఏమీ అనుకోలేదు.
కుప్పమ్మ గ్లౌజులు తొడుక్కోవడం మరిచిపోయింది.

ఆఖరి అధ్యాయం ఉండగానే సీజన్ అయిపోయింది.
గుడిపాలకు ఒకరు, యాదమరికి ఒకరు.
మిగిలింది నేనొక్కదాన్నే చదివాను,
బస్సులో, కిటికీ పక్కన.
ఎవరికీ చెప్పలేదు.

కార్తీకంలో కుప్పమ్మ ఫోను.
జొరమొచ్చి తగ్గిందట, కూలి పనుల్లేవట.
పెట్టెయ్యబోతూ అడిగింది:
"మేయ్, ఆ బిడ్డకి
ముసిలామిచ్చిన దుడ్డు చాలిందా?"

"చాలింది. ఇంకా మిగిలింది గూడా" అన్నాను.

ఆ మాట ఏ పేజీలోనూ లేదు.