ఒకటిన్నర రెట్లు

కోటిపల్లిలో పంటెక్కి
ఇటు ముక్తేశ్వరం రేవులో దిగి
కుచ్చెళ్లకంటిన బురదైనా దులుపుకోకుండా
లాయరమ్మ అడిగింది:
"సువర్ణరాజు గారూ, ఆ బస్తా నింపింది మీరేనా?"

ఆయ్, నేనేనండి.

తాతాలు బరువు యాభై రెండు కిలోలు.
పుస్తకం ప్రకారం దానికి ఒకటిన్నర రెట్లు.
డెబ్బై ఎనిమిది.
ఎగువ ర్యాంపులో ఇసుక నేనే తోడాను,
గోనెలో పోసి, మూతి కుట్టి,
పైన మెడలాంటిది ఒకటి చేశాను.
మెడ చెయ్యడమే కష్టమైందండి.
ఇసుక ఎక్కడా సన్నబడనంటుంది.

ముందురోజు సాయంత్రం బస్తాని ఉరి తీశాం.
తాడు కిక్కురుమనలేదు.
సూపర్నెంటు గారు సంతకం పెట్టారు.
రాత్రంతా అది అలాగే వేలాడి
కుట్టు వదులైనచోట సన్నగా కారి
కింద చీమలు తోడినంత కుప్ప పోసింది.
ఊడ్చింది కూడా నేనే.

తెల్లారగట్ల మనిషి వంతు.
డెబ్బై ఎనిమిది మోసిన తాడు
యాభై రెండు దగ్గర తెగింది.
ఎందుకని అడక్కండి.
చెమ్మ పట్టిందన్నారు, ఎలక కొరికిందన్నారు.
నాకు తోచింది ఒకటే,
ఇసుక ఊపిరి బిగబట్టదండి.

గోతిలో, నల్ల ముసుగులోంచి, దగ్గు.
ఎవరం కదల్లేదు.
డాక్టరు గారి మెడలో గొట్టం ఉంది,
చచ్చాడని రాయడానికి తెచ్చిన గొట్టం.
బతికాడని రాయడానికి కాయితంలో గడి లేదు.
మేజిస్ట్రేటు గారు వారంటు విప్పి
పెదాలు కదుపుతూ మళ్లీ చదివారు:
ప్రాణం పోయేంతవరకు.
ఆ 'అంతవరకు' ఎంతవరకో
గోతి అంచున నిలబడి అందరం చూశాం.

"అయిపోయిందా బాబూ?" అన్నాడు వాడు.
అయిందనీ అనలేదు, అవలేదనీ అనలేదు నేను.
నీళ్లు పట్టాను.
గుక్క గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

వాడు మంచోడని చెప్పను.
రొయ్యల చెరువు తూము కాడ నరికిన ఇద్దరిలో
చిన్నోడికి పదకొండేళ్లు.
ఆ చిన్నోడి తల్లి మంగాయమ్మ
రాత్రి బస్సుకొచ్చి గేటు ముందు కూచుంది.
తాడు తెగిందని నేనే వెళ్లి చెప్పాను.
కొంగు ముడి విప్పి బస్సు టిక్కెట్టు చూసుకుంది.
"అయితే మళ్లీ రావాలా?" అంది.
అది కోపమో, అలసటో,
ఇంకేదో
మూడేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

ఆసుపత్రిలో వాడికి ఇనపమంచం,
రోజుకో గుడ్డు, గ్లాసుడు పాలు.
మళ్లీ ఉరి తీయాలంటే ముందు బాగుపడాలట.
భుజానికి కట్టు కడుతూ కడుతూ ఆగి
"ఇది నేనెందుకు అతికిస్తున్నాను సువర్ణరాజూ?"
అన్నారు డాక్టరు గారు.
జీతానికండి, అన్నాను.
నవ్వారు. ఆ వారమే సెలవు పెట్టి వెళ్లిపోయారు.

మళ్లీ తూచారు.
గుడ్లూ పాలూ వంటబట్టాయి, యాభై ఆరు.
అంటే ఎనభై నాలుగు.
ఇంకో ఆరు కిలోలు తెమ్మన్నారు.

తట్ట పుచ్చుకుని రేవుకెళ్లాను.
ఎర్రనీళ్లొచ్చి ర్యాంపు మునిగింది.
మోకాల్లోతులో వంగి దోసిలి ముంచితే
ఇసుక వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.
వేళ్లు నేనే దగ్గరికి చేర్చలేదేమో.

గోదారొడ్డున ఇసుక దొరకలేదని
రాసిచ్చాను.
ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో అదొక్కటే అబద్ధం.
రెండ్రోజులకి స్టే వచ్చింది, మీ పుణ్యమా అని.

"ఇదంతా కోర్టులో చెబుతారా?" అంది లాయరమ్మ.
పంటు హారను కొడుతోంది అవతల.

చెబుతానండి.
కానీ జడ్జీగారు నన్నొకటి అడుగుతారు:
రెండో బస్తా నింపనోడివి
మొదటిది ఎందుకు నింపావయ్యా అని.
దానికి ఏం చెప్పాలో
కాస్త మీరే రాసివ్వండి.